పిల్లలతో క్యాంపింగ్‌కి బంక్‌హౌస్ ట్రైలర్ కొంటున్నారా..? బెడ్లు లెక్కపెట్టే ముందు కారు డోర్ దగ్గరి స్టిక్కర్ చూడండి!

అమెరికాలో స్కూళ్లకు వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు.. నేషనల్ పార్కులకు వెళ్లే దారుల్లో ట్రైలర్ల వరుస మొదలవుతుంది. హోటల్ రూమ్ వెతుక్కునే పని లేదు, పిల్లలకు వేళకి ఇంటి తిండి పెట్టొచ్చు, ఎక్కడికెళ్లినా వాళ్ల మంచం వాళ్లతోనే ఉంటుంది. అందుకే చిన్నపిల్లలున్న కుటుంబాలు ఎక్కువగా చూసేది బంక్‌హౌస్ ట్రావెల్ ట్రైలర్లనే. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లలోనూ వీటి గురించి ఆరా తీసేవాళ్లు ఉన్నారు.

అయితే షోరూమ్‌లోకి వెళ్లగానే అందరి చూపూ ఒక్క బోర్డు మీదే పడుతుంది.. "8 మంది పడుకోవచ్చు", "10 మంది పడుకోవచ్చు" అని. పిల్లలు బంక్ బెడ్ ఎక్కి దిగనంటారు. అక్కడే బేరం సగం అయిపోతుంది. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఎంతమంది పడుకుంటారన్నది కాదు. ఇంట్లో ఉన్న కారు ఆ బరువును లాగగలదా, అవసరమైనప్పుడు ఆపగలదా, పిల్లలు పడుకునే చోటు వాళ్ల వయసుకు తగినదేనా అన్నదే అసలు ప్రశ్న. ఆ వివరాలేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

బంక్‌హౌస్ అంటే ఏంటి?

ట్రావెల్ ట్రైలర్‌కు సొంతంగా ఇంజిన్ ఉండదు. కారు లేదా పికప్ ట్రక్ వెనక హిచ్‌కి తగిలించి లాగుతారు. పికప్ వెనక తొట్టిలో బిగించే హిచ్‌తో నడిచేది ఫిఫ్త్ వీల్, దానంతట అదే నడిచేది మోటార్ హోమ్. ట్రావెల్ ట్రైలర్లలోనే పిల్లల కోసం ఒకదానిపై ఒకటి బంక్ బెడ్లు అమర్చిన మోడళ్లను బంక్‌హౌస్ అంటారు. చాలా కంపెనీల మోడల్ పేరు చివర "బీహెచ్" అనే అక్షరాలు కనిపిస్తే అది బంక్‌హౌస్ అనే అర్థం.

వీటిలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. జేకో, కీస్టోన్ బ్రాండ్లు థోర్ ఇండస్ట్రీస్ చేతిలో ఉన్నాయి. ఫారెస్ట్ రివర్‌ను 2005లో వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ హాథవే కొనుగోలు చేసింది. గ్రాండ్ డిజైన్ 2016లో విన్నెబాగో గూటికి చేరింది. అంటే బయట పేర్లు వేరైనా లోపలి ప్లాన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. కాబట్టి బ్రాండ్ కన్నా ముందు బరువు, పొడవు, లోపలి అమరిక చూసుకోవడం మంచిది.

మొదటి లెక్క.. కారుది

అమెరికాలో తెలుగు ఇళ్ల ముందు కనిపించే బళ్లు చాలావరకు మినీవ్యాన్లు, మధ్యస్థాయి ఎస్‌యూవీలు. హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నాలు గరిష్ఠంగా 3,500 పౌండ్లు లాగగలవు. పెట్రోల్ టయోటా హైలాండర్, ఆల్ వీల్ డ్రైవ్ హోండా పైలట్ అయితే 5,000 పౌండ్ల వరకు లాగుతాయి. ఒక పౌండ్ అంటే మన లెక్కలో 450 గ్రాములకు కాస్త ఎక్కువ.

ఇక నలుగురైదుగురు ఉండే బంక్‌హౌస్ సామాన్లు లేకుండానే సాధారణంగా 4,500 నుంచి 7,000 పౌండ్లు తూగుతుంది. సామాన్లు, నీళ్లు నింపాక ఇంకా పెరుగుతుంది. ఒకే యాక్సిల్ మీద నడిచే చిన్న బంక్‌హౌస్‌లు 3,000 పౌండ్ల దగ్గర నుంచి దొరుకుతాయి గానీ, మినీవ్యాన్‌కు అవి కూడా అంచు మీదే.

ఇంతకీ కంపెనీ ప్రకటనలో కనిపించే టోయింగ్ కెపాసిటీని ఎలా లెక్కిస్తారో తెలుసా? తయారీదారులు పాటించే ప్రమాణం ప్రకారం కారులో 150 పౌండ్ల చొప్పున ఇద్దరే ఉన్నట్టు లెక్క వేస్తారు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల కార్ సీట్లు, స్ట్రోలర్, కూలర్ పెట్టెలు ఆ లెక్కలో ఉండవు. కొన్ని కార్ల మాన్యువల్‌లో అయితే మనుషులు పెరిగేకొద్దీ లాగే బరువు ఎంత తగ్గించుకోవాలో పట్టిక కూడా ఇస్తారు. ఆ పేజీ తప్పకుండా చదవాలి.

డోర్ దగ్గరి స్టిక్కర్ చెప్పే నిజం

డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేమ్ మీద టైర్ల గాలి వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి ఇంత బరువుకు మించకూడదని అందులో పౌండ్లలో రాసి ఉంటుంది. దీన్నే పేలోడ్ అంటారు. ఒకే మోడల్ కారైనా సన్‌రూఫ్, పెద్ద చక్రాల లాంటి హంగులను బట్టి ఈ అంకె మారుతుంది. అందుకే ఇంటర్నెట్‌లో చూసిన అంకెను నమ్ముకోకూడదు. మీ కారు స్టిక్కర్‌ మీద ఉన్నదే లెక్క.

ట్రైలర్ బరువులో కొంత భాగం నేరుగా కారు వెనక హిచ్ మీద పడుతుంది. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. ఇది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ పాము నడకలా అటూఇటూ ఊగడం మొదలవుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కిందికి కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈ టంగ్ వెయిట్ కూడా పేలోడ్‌లోంచే పోతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఎస్‌యూవీ 7,500 పౌండ్లు లాగగలదని కంపెనీ చెబుతోంది. స్టిక్కర్ మీద పేలోడ్ 1,300 పౌండ్లు. సామాన్లతో కలిపి 6,500 పౌండ్ల ట్రైలర్ కొనాలనుకున్నారు. పైకి చూస్తే ఇంకా 1,000 పౌండ్లు వెసులుబాటు ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు పేలోడ్ లెక్క వేయండి..

- అమ్మ, నాన్న: 300 పౌండ్లు
- ఇద్దరు పిల్లలు: 100 పౌండ్లు
- రెండు కార్ సీట్లు: 40 పౌండ్లు
- కారులో సామాన్లు: 100 పౌండ్లు
- బరువును సర్దే హిచ్ పరికరం: 80 పౌండ్లు
- టంగ్ వెయిట్, 12 శాతం చొప్పున: 780 పౌండ్లు

మొత్తం 1,400 పౌండ్లు. అంటే లాగే శక్తి ఉన్నా, మోసే శక్తి 100 పౌండ్లు తక్కువైంది. ఇంకా అమ్మమ్మ, తాతయ్య కూడా ట్రిప్‌కి వస్తే? ఆ తేడా 400 పౌండ్లు దాటిపోతుంది. ఇలాంటప్పుడు చిన్న ట్రైలర్ చూసుకోవాలి, లేదంటే బండి మార్చుకోవాలి. "స్ప్రింగులు గట్టివి వేయించుకుంటే సరిపోతుంది" అని ఎవరైనా చెప్పినా, స్టిక్కర్ మీద అంకె మాత్రం మారదు.

ఖాళీ బరువు చూసి మోసపోవద్దు

ట్రైలర్ బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఖాళీ బరువు. అసలు చూడాల్సింది జీవీడబ్ల్యూఆర్.. అంటే నిండుగా ఉన్నప్పుడు ట్రైలర్ దాటకూడని గరిష్ఠ బరువు. పిల్లలున్న కుటుంబం ట్రైలర్‌ను ఎలాగూ ఖాళీగా తీసుకెళ్లదు. కాబట్టి మొదటి రోజు నుంచే గరిష్ఠ బరువుతోనే లెక్క వేసుకోవడం మేలు.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే మీరు పెట్టుకోగలిగే సామాను. దీన్ని తెలిపే పసుపు రంగు లేబుల్ ట్రైలర్ తలుపు దగ్గర ఉంటుంది. ఒక గ్యాలన్ నీళ్లు సుమారు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంక్ నింపితే నీళ్లే 332 పౌండ్లు. లేబుల్ మీద 900 పౌండ్లు అని ఉంటే, మూడో వంతుకు పైగా నీళ్లకే పోతుంది. మిగిలిన దాంట్లోనే బట్టలు, వంట సామాన్లు, బియ్యం, పిల్లల సైకిళ్లు, కుర్చీలు అన్నీ సర్దాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ల కనెక్షన్ ఉంటే ట్యాంక్‌ నింపకుండానే బయల్దేరొచ్చు.

పొడవు పెరిగితే చోటు దొరకదు

మోడల్ పేరులోని మొదటి రెండు అంకెలు చాలాసార్లు లోపలి గది పొడవును సూచిస్తాయి. ముందున్న ఇనుప చట్రం, వెనక బంపర్ కలిపితే మరో మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు అడిగేది ఈ మొత్తం పొడవునే.

నేషనల్ పార్కుల్లోని పాత క్యాంప్‌గ్రౌండ్లు ఇంత పెద్ద బళ్ల కోసం కట్టినవి కావు. యోసెమిటీలోని అప్పర్ పైన్స్‌లో ట్రైలర్లకు 24 అడుగులే గరిష్ఠ పరిమితి. 30 అడుగుల బంక్‌హౌస్ కొంటే అలాంటి చోట్లకు దారి మూసుకుపోయినట్టే. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్‌ది మరో రూల్. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గట్టి గోడలున్న వాటినే లోపలికి రానిస్తారు. బరువు తగ్గుతుందని గుడ్డతో మడిచే బంక్‌లున్న హైబ్రిడ్ ట్రైలర్ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మీరు వెళ్లాలనుకునే నాలుగైదు చోట్ల పొడవు పరిమితి ఎంతో ముందే చూసుకోండి. ఇంటి దగ్గర పార్కింగ్ కూడా అంతే ముఖ్యం. చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ రూల్స్ ప్రకారం ట్రైలర్‌ను ఇంటి ముందు ఉంచనివ్వరు. అప్పుడు నెలనెలా స్టోరేజ్ అద్దె కట్టాల్సి వస్తుంది.

బంక్ బెడ్.. పిల్లల వయసు చూసే ఎంచుకోవాలి

ఆరేళ్లలోపు పిల్లలను పై బంక్‌లో పడుకోబెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, వినియోగదారుల భద్రతా కమిషన్ రెండూ చెబుతున్నాయి. అంటే నాలుగేళ్లు, రెండేళ్లు ఉన్న ఇద్దరు పిల్లల ఇంట్లో పైబంక్ ఇప్పట్లో పనికిరాదు. అలాంటివాళ్లకు కింద బంక్ వెడల్పుగా, ఇద్దరూ పట్టేలా ఉండే ప్లాన్ నయం. పై బంక్ ప్రస్తుతానికి బట్టల బుట్టలకు పనికొస్తుంది.

చూడాల్సినవి ఇవీ..

- బరువు పరిమితి: ప్రతి బంక్ దగ్గరా ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. కొన్నింటిలో 150 పౌండ్లే, కొన్నింటిలో 300 వరకు. తక్కువ ఉంటే పిల్లాడికి కథ చెబుతూ నాన్న పక్కన ఒరగడానికి కూడా కుదరదు.
- అడ్డు కమ్మీ: ఇళ్లలో వాడే బంక్ బెడ్లకు పరుపు పైభాగం కన్నా కనీసం 5 అంగుళాల ఎత్తులో కమ్మీ ఉండాలని, మధ్య ఖాళీలు 3.5 అంగుళాలకు మించకూడదని అమెరికా నిబంధన. ట్రైలర్‌లో కూడా ఇదే కొలతతో టేపు పెట్టి చూడండి. సరిపోకపోతే అదనపు కమ్మీ బిగించాల్సిందే.
- ఎత్తు: కింద బంక్‌లో పిల్లలు తల తగలకుండా కూర్చోగలరా? వర్షం పడ్డ రోజు వాళ్ల ఆట, చదువు అన్నీ అక్కడే.
- పొడవు, వెడల్పు: చాలా బంక్‌ల వెడల్పు 30 అంగుళాలకు కాస్త అటూఇటూ. ఇవాళ ఆరేళ్ల పిల్లాడు ఐదారేళ్లు పోతే అందులో పడతాడా అన్నది కూడా చూసుకోవాలి.
- లైటు, ఫ్యాన్, కిటికీ: ఏసీ గాలి మూలనున్న బంక్ వరకు వస్తుందో లేదో షోరూమ్‌లోనే ఆన్ చేయించి చూడండి.

మంటలు వస్తే బయటపడేదెలా?

ట్రైలర్ గోడలు పల్చగా ఉంటాయి. గ్యాస్, కరెంట్, పరుపులు అన్నీ ఒకే గదిలో ఉంటాయి. మంట అంటుకుంటే పాకడానికి ఎక్కువ సేపు పట్టదు. తలుపు దారి మూసుకుపోతే బయటపడటానికి ఎర్ర హ్యాండిల్ ఉన్న ఎమర్జెన్సీ కిటికీ ఉంటుంది. అది బంక్‌లకు ఎంత దూరంలో ఉందో చూడాలి. కొన్ని ప్లాన్లలో పిల్లల బంక్‌లు ఒక కొనలో, అమ్మానాన్నల మంచం మరో కొనలో, మధ్యలో వంటగది ఉంటాయి. అలాంటప్పుడు బంక్‌ల వైపు కూడా బయటకు దారి ఉండటం చాలా అవసరం.

కొన్నాక ఆ కిటికీని పిల్లలతో ఒకసారి తెరిపించి, దూకించి అలవాటు చేయాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం.. మూడూ పనిచేస్తున్నాయో లేదో బటన్ నొక్కి చూడాలి. ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు. అందుకే గ్యాస్ అలారం నేలకు దగ్గర్లో ఉంటుంది. దాని ముందు చెప్పులు, బ్యాగులు పెట్టకూడదు. ఈ అలారాలకు గడువు తేదీ ఉంటుంది. పాత ట్రైలర్ కొంటుంటే అది కూడా చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. బండి నడుస్తున్నప్పుడు పిల్లలను ట్రైలర్‌లో కూర్చోబెట్టకూడదు. లోపల సీటు బెల్టులు ఉండవు. చాలా రాష్ట్రాల్లో ఇది చట్టరీత్యా నిషేధం కూడా. నిద్రపోయినా, మారాం చేసినా కార్ సీట్లోనే ఉండాలి.

స్లైడ్ మూసి చూడండి

గది వెడల్పు పెంచడానికి గోడలో కొంత భాగం బయటకు జరిగే ఏర్పాటును స్లైడ్ అంటారు. షోరూమ్‌లో ఎప్పుడూ దాన్ని తెరిచే ఉంచుతారు కాబట్టి లోపల విశాలంగా కనిపిస్తుంది. దాన్ని మూయమని అడగండి. మూసినప్పుడు బాత్‌రూమ్‌కు వెళ్లగలరా? ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? దారి మధ్యలో రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు పాల సీసా తీయాలన్నా, డైపర్ మార్చాలన్నా ఇదే తేలుస్తుంది. స్లైడ్ ఉంటే బరువు, రిపేర్లు కూడా పెరుగుతాయి.

బాత్‌రూమ్‌లో చిన్న టబ్ ఉంటే పసిపిల్లలకు స్నానం తేలిక. వేడినీళ్ల ట్యాంక్ చాలా ట్రైలర్లలో 6 గ్యాలన్లే ఉంటుంది. నలుగురూ వరుసగా స్నానం చేస్తే చివరివాళ్లకు చన్నీళ్లే దిక్కు. టాయిలెట్ వ్యర్థాలకు బ్లాక్ ట్యాంక్, స్నానం, సింక్ నీళ్లకు గ్రే ట్యాంక్ వేరుగా ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ముందు నిండేది సాధారణంగా గ్రే ట్యాంకే. దాని సైజ్ తప్పక అడగాలి.

కరెంట్, మన వంట

ట్రైలర్లకు 30 ఆంప్స్, 50 ఆంప్స్ అని రెండు రకాల కనెక్షన్లు ఉంటాయి. 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లు. 50 ఆంప్స్ అంటే ఏకంగా 12,000 వాట్లు. ఎండాకాలం ఏసీ సుమారు 1,500 వాట్లు, మైక్రోవేవ్ 1,500 వరకు, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ 1,000 వాట్లు తీసుకుంటాయి. మూడూ ఒకేసారి పెడితే 30 ఆంప్స్ బ్రేకర్ పడిపోతుంది. చిన్న ట్రైలర్ అయితే అన్నం ఉడికేదాకా మైక్రోవేవ్ జోలికి పోకుండా ఉంటే చాలు.

తాలింపు పెట్టే ఇళ్లకు పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటకు గాలి వదిలేదై ఉండాలి. కొన్నింటిలో గాలిని లోపలే తిప్పే ఫ్యాన్ ఉంటుంది. దాంతో ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగడం, పరుపులకు వాసన పట్టడం రెండూ తప్పవు. బయట వైపు చిన్న వంటగది ఉన్న మోడళ్లు అందుకే మన కుటుంబాలకు బాగా పనికొస్తాయి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చే ఇళ్లు ఇంకొకటి ఆలోచించాలి. "8 మంది" అన్న లెక్కలో డైనింగ్ టేబుల్‌ను, సోఫాను మంచంగా మార్చడం కూడా కలిసే ఉంటుంది. రోజూ రాత్రి టేబుల్ దించి, పొద్దున్నే ఎత్తాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ట్రైలర్ మెట్ల ఎత్తు, రాత్రి బాత్‌రూమ్‌ దూరం కూడా చూడాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూడాల్సిందే

కొత్త బంక్‌హౌస్ ధరలు సుమారు 20 వేల డాలర్ల దగ్గర మొదలై 50 వేలు దాటి వెళ్తాయి. షోరూమ్ దాటిన వెంటనే విలువ తగ్గడం మొదలవుతుంది కాబట్టి మూడు నాలుగేళ్ల పాతది చూసేవాళ్లే ఎక్కువ. అయితే పాత ట్రైలర్‌కు పెద్ద శత్రువు నీళ్లు. పైకప్పు అతుకుల దగ్గర, కిటికీల చుట్టూ లీకేజీ ఉంటే లోపలి చెక్క కుళ్లిపోతుంది. బయట గోడ ఉబ్బినట్టున్నా, నేల మీద అడుగు వేస్తే మెత్తగా కుంగినా, లోపల ముక్కవాసన వచ్చినా ఆ బేరం వదిలేయడమే మంచిది. ముఖ్యంగా బంక్ పరుపులు ఎత్తి మూలలు తడిమి చూడండి.

టైరు మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారం అని అర్థం. గాట్లు బాగానే కనిపించినా ఐదారేళ్లు దాటిన టైర్లను మార్చేయడం మంచిది. బ్రేకులు, ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే ఆపే బ్రేక్‌అవే స్విచ్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. డబ్బు కట్టే ముందు ట్రైలర్ల ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ చేయించుకోవడం ఉత్తమం.

ముందు అద్దెకు.. తర్వాతే కొనుగోలు

అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి వేదికల్లో బంక్‌హౌస్‌లు అద్దెకు దొరుకుతాయి. కొన్నింటిని యజమానులే తెచ్చి క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టి వెళ్తారు. కొనాలనుకున్న సైజులోనే ఒకటి తీసుకుని రెండు మూడు రాత్రులు ఉండి చూస్తే.. పిల్లలు బంక్‌లో నిద్రపోతారా, బాత్‌రూమ్ సరిపోతుందా, ఎన్ని బెడ్లు నిజంగా వాడారు అన్నవన్నీ తెలిసిపోతాయి.

డీలర్‌ దగ్గరకు వెళ్లేటప్పుడు కారు స్టిక్కర్ ఫోటో, ఇంట్లోవాళ్ల బరువుల లెక్క, ఒక టేపు, వెళ్లాలనుకునే పార్కుల పొడవు పరిమితుల జాబితా వెంట తీసుకెళ్లండి. "మీ కారు లాగేస్తుందండీ" అని సేల్స్‌మ్యాన్ చెప్పినా, ట్రైలర్ గరిష్ఠ బరువులో 12 నుంచి 15 శాతం తీసి ఆ స్టిక్కర్ లెక్కలో కలిపి చూసుకోండి.

కొన్నాక మొదటి ట్రిప్ ఇంటికి గంట దూరంలోనే పెట్టుకోవడం మేలు. బయల్దేరే ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో మలుపులు, రివర్స్ ప్రాక్టీస్ చేయాలి. సామాన్లన్నీ సర్దాక, కుటుంబమంతా కారులో ఉండగా దగ్గర్లోని ట్రక్ స్టాప్ కాటా మీద ఒకసారి తూకం వేయించుకోండి. ట్రైలర్ లాగే బళ్లకు కాలిఫోర్నియాలో వేగ పరిమితి గంటకు 55 మైళ్లే. మిగతా రాష్ట్రాల్లో ఎక్కువ ఉన్నా, ట్రైలర్ టైర్లు తట్టుకునే వేగాన్ని దాటకూడదు. గూగుల్ మ్యాప్ ఐదు గంటలని చూపిస్తే, పిల్లలతో ఏడు గంటలు పట్టేలా ప్లాన్ చేసుకోండి. చీకటి పడకముందే సైట్‌కు చేరితే ట్రైలర్‌ను రివర్స్ చేసి నిలబెట్టడం కూడా తేలికవుతుంది.